ఊహ తెలిసే వయసు: ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దులో బాల్యవికాస దశల చారిత్రక పరిశీలన

ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో కోయల నామకరణ పద్ధతి ఒకటి నమోదై ఉంది. బిడ్డ పుట్టిన ఏడవనాడు ఇరుగుపొరుగువారు, దగ్గరి బంధువులు చేరి బిడ్డను మంచంపై పడుకోబెడతారు. చేతిలో ఇప్పాకు ఉంచి తమకు తోచిన పేరు పలుకుతారు. బిడ్డ గుప్పిట మూస్తే ఆ పేరుకు ఒప్పుకున్నట్లు. ఆకును వదిలేసినా, ఏడ్చినా ఒప్పుకోనట్లు. అప్పుడు ఆ ఆకును పారవేసి మరో ఆకు, మరో పేరు తెస్తారు. బిడ్డ అంగీకరించే వరకు ఇది సాగుతుంది. థర్‌స్టన్ ‘కోయి’ అధ్యాయానికి ముఖ్యాధారాల్లో ఒకటి దుమ్ముగూడెంలో చర్చి మిషనరీ సొసైటీ తరఫున పనిచేసిన జాన్ కేయిన్ రచనలు. భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి కేయిన్ 1870ల దశకంలో ‘ఇండియన్ ఆంటిక్వరీ’లో వ్యాసాలు రాశాడు.

ఈ ఆచారాన్ని వింతగా చూసి వదిలేయడం సులభం. అరచేతికి ఏదైనా తగిలితే గుప్పిట మూయడం నవజాత శిశువుకు సహజమైన ప్రతిక్రియ అని శరీరశాస్త్రం చెబుతుంది. జ్యా పియాజె సిద్ధాంతంలో ఇంద్రియచాలక దశకు తొలిమెట్టు ఇటువంటి ప్రతిక్రియలే. అంటే కోయ పెద్దలు అంగీకార చిహ్నంగా ఎంచుకున్నది ఏడు రోజుల బిడ్డ దేహం ఇవ్వగలిగిన జవాబునే. మాట రాని బిడ్డను మాట అడగకుండా, చేతిని అడిగారు. అడిగే పద్ధతి బిడ్డ శక్తికి తగినట్లు ఉండాలన్న గ్రహింపు ఇందులో కనిపిస్తుంది. ఆ తరువాత నూటయాభై ఏళ్ళలో ఈ ప్రాంతపు బాలలను బడి, పరీక్ష, ప్రభుత్వ దస్త్రం అడిగిన ప్రశ్నల్లో అటువంటి గ్రహింపు ఎంతవరకు ఉందన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం.

దశలకు తెలుగు పేర్లు

ఉపాధ్యాయ శిక్షణలో, ఉపాధ్యాయ అర్హత పరీక్షల్లో పియాజె దశలు తప్పనిసరి పాఠ్యాంశం. రెండేళ్ళ వరకు ఇంద్రియచాలక దశ, ఏడేళ్ళ వరకు పూర్వ ప్రచాలక దశ, పదకొండేళ్ళ వరకు మూర్త ప్రచాలక దశ, ఆపైన అమూర్త ప్రచాలక దశ. లారెన్స్ కోల్‌బర్గ్ నైతిక వికాస స్థాయిలు పూర్వ సాంప్రదాయ, సాంప్రదాయ, ఉత్తర సాంప్రదాయ స్థాయిలుగా తెలుగులోకి వచ్చాయి. భద్రాచలం, కొత్తగూడెం, ఇల్లెందు ప్రాంతాల నుంచి ఉపాధ్యాయ పరీక్షలకు సిద్ధమయ్యే యువతకు ఇవి కంఠస్థమైన పదాలు. పరీక్ష నెగ్గి కోయ గూడెం బడికి వెళ్ళిన ఉపాధ్యాయునికి మాత్రం అక్కడి పిల్లవాడు ఏ దశలో ఉన్నాడో చెప్పడం పరీక్ష రాసినంత తేలిక కాదు.

సాంకేతిక పదాలు రాకముందు తెలుగువారికి దశలు తెలియవని కాదు. ఐదేళ్ళు లాలించి, పదేళ్ళు దండించి, పదహారేళ్ళు నిండిన కొడుకును మిత్రునిగా చూడాలన్న సంస్కృత నీతి చదువుకున్న ఇళ్ళలో వాడుకలో ఉండేది. ఐదవ ఏట అక్షరాభ్యాసం ఆ లెక్కలోనిదే. అయితే వ్యవహారంలోని తెలుగు దశలను అంకెలతో చెప్పదు. ‘ఊహ తెలియడం’, ‘బుద్ధి తెలియడం’, ‘ఈడు రావడం’, ‘చేతికి అందిరావడం’ అన్నవి వయసును కాక స్థితిని సూచించే పలుకుబళ్ళు. ‘ఊహ’ శాస్త్రభాషలో తర్కానికి, అనుమానానికి సంబంధించిన మాట. తెలుగు వాడుకలో అది తనను తాను గుర్తుంచుకోవడం మొదలయ్యే క్షణానికి పేరైంది. ‘ఊహ తెలిసినప్పటి నుంచి అడవిలోనే ఉన్నాం’ అనే మనిషి తన వయసు చెప్పడం లేదు. తన జ్ఞాపకానికి హద్దు చెబుతున్నాడు. చేతికి అందివచ్చిన కొడుకు అంటే పని పంచుకోగల కొడుకు. ఈ రెంటి మధ్య వ్యవధి ఇంటినిబట్టి, పనినిబట్టి మారుతుంది.

వయసును ఆధారం చేసుకున్న దశావిభాగం అటవీ గూడేలకు వచ్చినప్పుడు ఎదురైన మొదటి చిక్కు ఇదే. దశను నిర్ణయించాలంటే ముందు వయసు తెలియాలి. జనన నమోదు లేని గూడెంలో బిడ్డ పుట్టుకను ఏ పంట కాలమో, ఏ పండుగ ముందో చెప్పగలరు గాని తేది చెప్పలేరు. బడిలో చేర్చుకున్ననాడు ఉపాధ్యాయుడు అంచనా వేసి రాసిన తేదియే పుట్టిన తేది అవుతుంది. ఆ తేది ఆధారంగానే తరువాత ‘ఎనిమిదేళ్ళు వచ్చినా ఇది రాదు, అది రాదు’ అన్న నిర్ణయం వెలువడుతుంది. కొలబద్దను ఊహతో తయారు చేసి, దానితో కొలిచిన ఫలితాన్ని మాత్రం నిజంగా భావించడం విద్యాచరిత్రలో అరుదేమీ కాదు.

బిడ్డ దశ, జాతి దశ

కేయిన్ వ్యాసాలు వెలువడిన దశకంలోనే, 1877లో, లూయీ హెన్రీ మోర్గన్ ‘ఏన్షియంట్ సొసైటీ’ ప్రకటించి మానవ సమాజాలను ఆటవిక, అనాగరిక, నాగరిక దశలుగా వరుసలో నిలిపాడు. 1904లో అమెరికన్ మనోవిజ్ఞానవేత్త జి. స్టాన్లీ హాల్ కౌమారంపై రాసిన బృహద్గ్రంథంలో ‘కౌమార జాతుల’ గురించి ఒక అధ్యాయమే చేర్చాడు. బిడ్డ పెరుగుదల జాతి పరిణామాన్ని పునశ్చరణ చేస్తుందన్నది అతని వాదం. దీన్ని తిరగవేస్తే వెనుకబడినవని ముద్రపడిన జాతుల పెద్దలు కూడా పిల్లలతో సమానమన్న నిర్ణయం వస్తుంది. వలసపాలనకు ఇది అనుకూలమైన సిద్ధాంతం. అడవి మనిషి అమాయకుడు, బాలుని వంటివాడు, అతనికి సంరక్షకుడు కావాలి అన్న మాట పాలనా పత్రాల్లో సానుభూతి రూపంలోనే కనిపిస్తుంది. ఏజెన్సీ ప్రాంతాలకు ప్రత్యేక చట్టాలు రావడం వెనుక ఈ సానుభూతికీ పాత్ర ఉంది. ఆ చట్టాల వల్ల మేలు జరగలేదని దీని అర్థం కాదు.

అదే కాలంలో ఆ ‘బాలుర’ వ్యవహారం ఎలా ఉందో చూడవలసి ఉంది. భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు రాష్ట్రంలోని గోదావరి జిల్లాకు మారాయి. పోడుపై పన్ను పెరిగింది. కొన్ని తావుల్లో పోడు కొట్టడాన్నే అడ్డుకున్నారు. 1879లో రంపలో లేచిన తిరుగుబాటు రేకపల్లికి వ్యాపించడానికి ఇది ఒక ప్రధాన కారణం. పాత పన్నుకూ కొత్త పన్నుకూ తేడా తెలిసి, ఏది న్యాయమో ఏది కాదో నిర్ణయించుకుని నిలబడినవారిని బాల్యదశలో ఉన్నారనడానికి మోర్గన్ వరుస తప్ప మరో ఆధారం లేదు.

పియాజె ఈ కోవకు చెందినవాడు కాడు. 1932లో వచ్చిన బాలల నైతిక నిర్ణయ గ్రంథంలో అతడు పరిశీలించింది జెనీవా, నౌషాతెల్ నగరాల పిల్లల గోళీలాట నియమాలను. చిన్నపిల్లలు నియమాన్ని పెద్దలో దేవుడో పెట్టిన మార్చరాని శాసనంగా భావిస్తారు. పదేళ్ళు దాటిన పిల్లలు అది తమ ఒప్పందమని, అందరూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చని గ్రహిస్తారు. మొదటిది పరాయత్త నీతి, రెండవది స్వాయత్త నీతి. 1966లో ‘ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ సైకాలజీ’ తొలి సంపుటంలో రాస్తూ పియాజె, ఒక్క సంస్కృతి బాలలను చూసి దశలు సార్వత్రికమనడం చాలదని, భిన్న సంస్కృతుల అధ్యయనం తప్పనిసరి అని స్వయంగా చెప్పాడు. 1972లో మరో అడుగు వేసి, అమూర్త ఆలోచన మనిషి అభిరుచిని, వృత్తిని అనుసరించి ఆయా రంగాల్లోనే వ్యక్తం కావచ్చునన్నాడు. మూలకర్త చేసిన ఈ సవరణలకు పరీక్షా గైడ్లలో దశల పట్టికకు దక్కిన చోటు దక్కలేదు.

బడి వచ్చిన తోవ

గోదావరికి ఉత్తరాన భద్రాచలం మద్రాసు రాష్ట్రంలో, దక్షిణాన పాల్వంచ, బూర్గంపాడు, ఇల్లెందు నిజాం రాజ్యంలో ఉండడం వల్ల ఒకే కోయ సమాజానికి రెండు విద్యావిధానాలు ఎదురయ్యాయి. ఉత్తరాన తొలి బడులు మిషన్ ప్రయత్నం. దక్షిణాన గిరిజన విద్యకు ప్రభుత్వం పూనుకున్నది 1940లలో, క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ సలహాతో. 1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం ఏర్పడింది. నాగరి లిపిలో గోండీ వాచకాలు తయారయ్యాయి. గోండులకే గోండులు చదువు చెప్పాలన్నది దాని మూలసూత్రం. తరువాత ఈ పద్ధతినే వరంగల్లు జిల్లా కోయల విషయంలోనూ అనుసరించారు. నేటి ఖమ్మం ప్రాంతం అప్పుడు వరంగల్లు జిల్లాలో భాగం.

తెలుగునాట ఈ సూత్రానికి ఇంకా ముందరి ఉదాహరణ గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చి, సవర పిల్లలకు సవరలోనే బడులు నడిపి, వాచకాలు రాసిన గిడుగు వ్యావహారిక భాషోద్యమానికి నాయకులు కావడం యాదృచ్ఛికం కాదు. బిడ్డకు తెలిసిన భాషలో అడిగితేనే బిడ్డకు ఏమి తెలుసో తెలుస్తుందన్న ఒకే భావన రెండు పనుల్లోనూ ఉంది. సాహిత్యచరిత్రలు రెండవ పనికి ఇచ్చిన స్థానం మొదటిదానికి ఇవ్వలేదు.

1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి నుంచి వచ్చి చేరడంతో నదికి ఇరువైపుల కోయలు తొలిసారి ఒక జిల్లా వారయ్యారు. ఆశ్రమ పాఠశాలలు, తరువాత సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ద్వారా బడి గూడేలకు విస్తరించింది. బోధన తెలుగులో సాగింది. మార్లవాయి సూత్రం ఈ విస్తరణలో మరుగున పడింది.

భాష అడిగే ప్రశ్న

కోయ ద్రావిడ భాష, గోండీకి దగ్గరిది. తెలుగుకు అంత సమీపంగా వినిపించే భాష కావడమే కోయ బాలలకు ఒక ఇబ్బంది. పూర్తిగా వేరైన భాష అయితే ఉపాధ్యాయుడు జాగ్రత్తపడతాడు. దగ్గరి భాష అయితే బిడ్డ మాట్లాడేది ‘చెడిన తెలుగు’ అనుకుంటాడు.

వ్యాకరణం నుంచి ఒక ఉదాహరణ చాలు. తెలుగులో ఏకవచనంలో పురుషులు ఒక వర్గం, స్త్రీలు, పశువులు, వస్తువులు మరో వర్గం. బహువచనంలో ఈ విభజన మారి మనుషులందరూ ఒక వైపు, తక్కినవన్నీ మరో వైపు చేరతాయి. ‘అది వచ్చింది’ అన్నది ఆవుకూ వర్తిస్తుంది, చనువున్న చోట ఆడపిల్లకూ వర్తిస్తుంది. బహువచనంలో మాత్రం ‘ఆవులు వచ్చాయి’, ‘ఆడవాళ్ళు వచ్చారు’ అనాలి. గోండీ, కోయ వంటి భాషల్లో ఏకవచనంలోని విభజనే బహువచనంలోనూ కొనసాగుతుంది. పురుషులు ఒక వైపు, స్త్రీలతో సహా మిగిలినవన్నీ మరో వైపు. ద్రావిడ భాషల లింగవ్యవస్థలోని ఈ భేదాన్ని భద్రిరాజు కృష్ణమూర్తి వివరించారు. తన భాషా నియమాన్ని క్రమం తప్పకుండా పాటించే కోయ బిడ్డ తెలుగులో ‘ఆడవాళ్ళు వచ్చాయి’ అన్నాడంటే అది ఒక సూత్రాన్ని కొత్త తావుకు వర్తింపజేసిన తార్కిక చర్య. పియాజె భాషలో మూర్త ప్రచాలక దశకు తగిన వర్గీకరణ. తెలుగు ఉపాధ్యాయుని చెవికి అది మర్యాద తెలియకపోవడం. జ్ఞానవికాసానికి సాక్ష్యమైన వాక్యం నైతిక లోపానికి సాక్ష్యంగా మారిపోవడం ఇక్కడ జరుగుతుంది. ఒక్క వాక్యం విషయంలో పొరపాటు దిద్దుకోవచ్చు. ఏటా ఒక తరగతి మొత్తాన్ని అలా విన్నప్పుడు అది ఒక జాతిపై అభిప్రాయంగా గట్టిపడుతుంది.

ఈ సందర్భంలో స్టీఫెన్ టైలర్ పేరు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. గొమ్ముకోయ మాండలికానికి అతడు రాసిన వ్యాకరణం 1969లో వచ్చింది. మానవ సమూహాలు ప్రపంచాన్ని ఎలా వర్గీకరించుకుంటాయో చర్చించే ‘కాగ్నిటివ్ ఆంత్రపాలజీ’ సంకలనం కూడా అతని సంపాదకత్వంలో అదే ఏడాది వెలువడింది. అంతకు ముందే, 1966లో, కోయ బంధువాచకాలు సందర్భాన్ని బట్టి ఎలా మారతాయో ‘అమెరికన్ ఆంత్రపాలజిస్ట్’లో చూపాడు. ఒకే మనిషిని ఒకే మనిషి వేర్వేరు సందర్భాల్లో వేర్వేరు మాటలతో పిలవడం పొరపాటు కాదని, దానికి నియమం ఉందని అతని ప్రతిపాదన. గోదావరి గట్టున వినిపించిన పిలుపులు జ్ఞానాత్మక మానవశాస్త్రంలో చర్చనీయాంశాలయ్యాయి. భద్రాచలం ప్రాంతపు బడి పిల్లల గురించిన తెలుగు చర్చల్లో మాత్రం ఈ కృషి ప్రస్తావన అరుదు.

బంధువాచకాలు బాల్యవికాసానికి నేరుగా సంబంధించినవి. పియాజె 1924 గ్రంథంలో ప్రసిద్ధమైన పరీక్ష ఒకటుంది. ‘నీకు సోదరుడున్నాడా?’ అంటే ఉన్నాడంటాడు చిన్నపిల్లవాడు. ‘నీ సోదరునికి సోదరుడున్నాడా?’ అంటే లేడంటాడు. తనను తాను ఎదుటివాని వైపు నుంచి చూసుకోలేకపోవడం దీనికి కారణమని వివరణ. ఈ పరీక్షను తెలుగులోకి తెస్తే ఏమవుతుంది? ఫ్రెంచి మాట ఇద్దరికీ సమానంగా వర్తిస్తుంది. తెలుగులో ‘సోదరుడు’ పుస్తకాల మాట. ఇంట్లో ఉన్నది అన్న, లేదా తమ్ముడు. ‘మీ అన్నకు తమ్ముడున్నాడా?’ అన్న ప్రశ్న ఫ్రెంచి ప్రశ్న కాదు. అన్న అన్న మాటలోనే తాను తమ్ముడనన్న సంగతి ఇమిడి ఉంది. ప్రశ్న తేలికైందా, కష్టమైందా అన్నది పక్కనబెడితే, అది వేరే ప్రశ్న అయిందన్నది స్పష్టం. కోయ సమాజంలో మూడవ గట్టు, ఐదవ గట్టు వంటి గట్టు విభాగాలు వివాహానికి హద్దులు నిర్ణయిస్తాయి. ఎవరు తన గట్టు, ఎవరు కాదు, ఎవరితో హాస్యమాడవచ్చు, ఎవరి ముందు తగ్గి ఉండాలి అన్నది పిల్లలు పెరుగుతూ నేర్చుకోవలసిన సంబంధాల లెక్క. ఇందులో ఎదుటివాని స్థానం నుంచి తనను చూసుకోవడం నిత్యావసరం. జ్ఞానవికాసం, నైతిక వికాసం ఇక్కడ విడివిడి అధ్యాయాలు కావు.

యాభై ఆకుల కట్ట

లెక్క విషయంలో అడవి స్వయంగా ఒక పరీక్ష పెడుతుంది. వేసవి సెలవుల్లో తునికాకు సేకరణకు ఇంటిల్లిపాదీ కదులుతారు. యాభై ఆకులు ఒక కట్ట. వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక సంచి, అంటే యాభై వేల ఆకులు. తెచ్చిన ఆకును ఇంటివద్ద పరచి, లెక్కపెట్టి, నారతో కట్టడంలో పిల్లల చేతులూ ఉంటాయి. సాయంత్రం కల్లంలో లెక్క ఒప్పజెప్పాలి. పచ్చి ఆకు కట్ట లావుగా ఉంటుంది, ఎండిన కట్ట సన్నబడుతుంది. రూపం మారినా ఆకులు యాభైయే. పియాజె పదిలపరచుకొనే భావన అన్నది ఇదే. ఒక గ్లాసులోని నీళ్ళను మరో ఆకారం గ్లాసులో పోసి అడిగే ప్రశ్నకు అడవి ఇచ్చిన రూపం ఎండిన కట్ట. నీళ్ళ గ్లాసుల దగ్గర తడబడిన బిడ్డ కట్టల దగ్గర తడబడతాడా అన్నది పరీక్షించవలసిన విషయమే గాని ముందే తీర్పు చెప్పవలసినది కాదు.

ఇటువంటి పరీక్ష ఇతర దేశాల్లో జరిగింది. 1969లో ప్రైస్ విలియమ్స్, అతని సహచరులు మెక్సికోలో కుమ్మరి ఇళ్ళ పిల్లలను పరిశీలించి, మట్టి ఆకారం మారినా పరిమాణం మారదన్న గ్రహింపు వారికి ఇతర పిల్లలకన్న బాగా ఉన్నట్లు చూపారు. 1985లో బ్రెజిల్ వీధి వ్యాపారం చేసే ఐదుగురు పిల్లలపై కరాహెర్ బృందం చేసిన అధ్యయనంలో, అంగట్లో అడిగిన లెక్కలకు నూటికి సుమారు 98 సరైన జవాబులు వస్తే, అవే లెక్కలు కాగితంపై అంకెలుగా ఇచ్చినప్పుడు సుమారు 37 మాత్రమే వచ్చాయి. పిల్లలు మారలేదు, వారి వయసు మారలేదు, ప్రశ్న మారింది. మన దేశంలో అజిత్ మొహంతి ఒడిశా కంధ పిల్లలపై చేసిన అధ్యయనాలు, కుయి, ఒడియా రెండూ మాట్లాడే పిల్లలు ఒడియా ఒక్కటే వచ్చిన కంధ పిల్లలకన్న భాషాజ్ఞాన పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారని చూపాయి. ఇంటి భాష చదువుకు అడ్డు అన్న నమ్మకానికి ఇది వ్యతిరేక సాక్ష్యం.

తునికాకు కట్టను విద్యగా కీర్తించడంలో ఒక ప్రమాదం ఉంది. అది పని, ఎండలో చేసే పని, ఇంటికి డబ్బు అవసరమై చేసే పని. పిల్లల శ్రమను జ్ఞానార్జన పేరుతో సమర్థించడం ఈ చర్చ ఉద్దేశం కాదు. కట్ట కట్టగల బిడ్డకు లెక్క రాదని రాసిన ప్రగతి పత్రం తప్పు అని మాత్రమే.

పండుం, చట్టం

నైతిక వికాసం విషయంలో కోయల పండుం ఆచారం పియాజె విభజనకు ఒక కఠిన ప్రశ్న వేస్తుంది. మామిడి కాయ, చిక్కుడు, కొత్త ధాన్యం వంటివి పండుం జరగక ముందు తినరు. వేల్పుకు పెట్టక ముందు తింటే దోషం తగులుతుందన్న భయం ఉంది. ఇంతవరకు చూస్తే ఇది పరాయత్త నీతి. తప్పు చేస్తే ప్రకృతే శిక్షిస్తుందన్న నమ్మకాన్ని పియాజె చిన్నపిల్లల లక్షణంగా చెప్పాడు. కాని పండుం ఎప్పుడు జరగాలన్నది పంచాంగం నిర్ణయించదు. పంట చూసి, వీలు చూసి గూడెం పెద్దలు, పూజారి కూర్చుని నిర్ణయిస్తారు. పక్క గూడెంలో ముందు జరగవచ్చు. ఇక్కడి పిల్లలు కాయ ముట్టని రోజున అక్కడి పిల్లలు తింటూ ఉండవచ్చు. నియమం పవిత్రం, నియమపు హద్దు మాత్రం మనుషుల ఒప్పందం. పియాజె రెండు దశలుగా విడదీసిన లక్షణాలు ఈ ఆచారంలో పక్కపక్కనే ఉన్నాయి. గోళీలాటలో పెద్దలు లేరు గనుక పిల్లలు ఒప్పందాన్ని తమంతట తాము కనుగొన్నారు. పండుంలో పెద్దలే ఒప్పందం చేసుకోవడాన్ని పిల్లలు చూస్తారు. చెట్టు కింద కాయలు రాలుతున్నా ముట్టకుండా ఉండడం ఎవరూ చూడని చోట కూడా చేయవలసిన పని గనుక, దాన్ని భయం ఒక్కదానితో వివరించడం కష్టం.

కోల్‌బర్గ్ 1958లో షికాగోలో మగపిల్లలకు చెప్పిన కథ జగద్విదితం. భార్య ప్రాణం కాపాడే మందు కొనలేని హైంజ్ దాన్ని దొంగిలించడం తప్పా, ఒప్పా అన్నది ప్రశ్న. జవాబు కన్న కారణం ముఖ్యం. శిక్షకు భయపడి చెప్పేది కింది మెట్టు, చట్టాన్ని నిలబెట్టాలని చెప్పేది మధ్య మెట్టు, చట్టానికి పైనున్న విలువను చూపేది పై మెట్టు. 1985లో జాన్ స్నారీ 27 దేశాల్లోని 45 అధ్యయనాలను సమీక్షించి, గ్రామీణ, ఆదిమ సమూహాల్లో పై మెట్టు కనిపించడం లేదని, అది ఆ సమూహాల లోపం కన్న సిద్ధాంత పరిమితిని చూపుతుందని అభిప్రాయపడ్డాడు. 1982లో కారల్ గిలిగన్ లేవనెత్తిన ఆక్షేపణ ఇంకా మూలాన్ని తాకుతుంది. మగపిల్లలతో మొదలైన కొలత ఆడపిల్లల నైతిక భాషను వినలేదన్నది ఆమె వాదం.

హైంజ్ కథ అడవి సరిహద్దులో కల్పన కాదు. మద్రాసు అటవీ చట్టం 1882లో వచ్చింది. ఆనాటి నుంచి పోడు కొట్టడం, కంప తేవడం, ఇంటికి వాసాలు కొట్టడం ఒక దృష్టిలో బతుకు, మరో దృష్టిలో నేరం. గూడెం బిడ్డకు ఊహ తెలిసే నాటికే రెండు న్యాయాలు ఉన్నాయని తెలుస్తుంది. తండ్రి చేసిన పని గూడెంలో తప్పు కాదు, అటవీ ఉద్యోగి వస్తే తప్పు. ‘చట్టాన్ని పాటించాలా?’ అన్న ప్రశ్నకు ఈ బిడ్డ మౌనం వహిస్తే పరీక్షకుడు దాన్ని శిక్షాభయంగా, అంటే కింది మెట్టుగా నమోదు చేయవచ్చు. కాని ఆ మౌనంలో ఏ చట్టం అన్న ఎదురు ప్రశ్న ఉండవచ్చు. ఆ ఎదురు ప్రశ్న న్యాయమైనదేనని శాసనమే చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం తన పీఠికలో అడవిబిడ్డలకు జరిగినది చారిత్రక అన్యాయమని ఒప్పుకుంది. అంతకుముందు నేరమైన సాగు కొన్ని షరతులతో హక్కు అయింది. చట్టాన్ని నిలబెట్టే మెట్టుపై నిలిచినవాడు ఆనాడు ఏ వైపున ఉన్నట్లు? కోల్‌బర్గ్ నిచ్చెన ఈ ప్రశ్నకు జవాబివ్వదు. హైమండార్ఫ్ 1967లో రాసిన ‘మోరల్స్ అండ్ మెరిట్’ గ్రంథం ఈ విషయంలో ఎక్కువ ఉపకరిస్తుంది. పాపికొండల కొండరెడ్లతో సహా అనేక సమాజాల నీతిని అది నిచ్చెన మెట్లుగా కాక, ఆయా జీవనవిధానాలకు అనుగుణమైన విలువలుగా చూసింది.

వాచకం, ఉపాధ్యాయుడు, సరిహద్దు

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బహుభాషా విద్యా కార్యక్రమాన్ని ఎనిమిది భాషల్లో ప్రారంభించింది. గోండీ, కొలామీ, కోయ, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా. తెలుగు లిపిలో వాచకాలు వెలువడ్డాయి. గిడుగు సవర బడుల తరువాత దాదాపు శతాబ్దానికి ఆ సూత్రం తెలుగు ప్రభుత్వ విధానంగా తిరిగి వచ్చింది. ఈ వాచకాలు పిల్లల భాషలో అడిగాయి, అది గొప్ప మార్పు. అయితే వాచకం చెప్పడానికి ఆ భాష వచ్చిన ఉపాధ్యాయుడు కావాలి. షెడ్యూల్డు ప్రాంతాల్లో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000లో వచ్చిన 3వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వును సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది. నూటికి నూరు రిజర్వేషన్ రాజ్యాంగబద్ధమా అన్నదే అక్కడ ప్రధాన వివాదం. బిడ్డ ఏ భాషలో ఆలోచిస్తాడన్నది ఆ వివాదానికి కేంద్రం కాలేకపోయింది.

2014లో పోలవరం ముంపు కారణంగా ఖమ్మం జిల్లాలోని చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుకునూరు, వేలేరుపాడు తదితర మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. 1959లో కలిసిన కోయ గూడేలు యాభై అయిదేళ్ళకు మళ్ళీ రెండు రాష్ట్రాల పాఠ్యప్రణాళికల కిందకు వచ్చాయి. ఇంతలో 2005 తరువాత ఛత్తీస్‌గఢ్ హింస నుంచి తప్పించుకుని వచ్చిన గుత్తికోయల ఆవాసాలు భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో వెలిశాయి. వారి మాట గొమ్ముకోయల మాట కాదు. భద్రాచలం కోయ మాండలికంలో రాసిన వాచకం వారికి తెలుగు వాచకం కన్న దగ్గరిదే, కాని ఇంటిది కాదు.

2009 విద్యాహక్కు చట్టం 4వ విభాగం ప్రకారం బడి ముఖం చూడని బిడ్డను అతని వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, తక్కిన పిల్లలతో సమానం కావడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. 29వ విభాగం సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధించాలంటుంది. ఛత్తీస్‌గఢ్ నుంచి నడిచి వచ్చిన తొమ్మిదేళ్ళ పిల్లవాడు చట్టప్రకారం నాలుగవ తరగతి వాడు. ఆ తొమ్మిదేళ్ళు తల్లి ఏ పంట కాలాన్నో గుర్తుచేసుకుని చెప్పినదాన్ని బట్టి ఉపాధ్యాయుడు వేసిన అంచనా. ఆ తల్లి మాట ఉపాధ్యాయునికి అర్థం కావడానికి మధ్యలో నిలబడి తెలుగులో చెప్పేది చాలాసార్లు ఆ పిల్లవాని అక్కే, అదే బడిలో రెండేళ్ళ ముందు చేరిన పిల్ల.